పొయ్యికి సెలవు

పోయిన వారం అల్లాబక్షును చేతిలో ఫోనుతో, నోట మాట రాకుండా నిలబెట్టి వెళ్లిపోయాం. పాపం, ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

ఆ ఫోను ఆయనది కాదు, భార్య ఖుర్షిదాది. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మోగింది, ఈయన తీశాడు. "హలో" అననైనా లేదు, అవతల ఓ ఆడగొంతు, "అమ్మా, నేను వాడరేవు సుబ్బరావమ్మని. గది తాళంచెవి మీ సంచిలోనే వచ్చేసినట్టుంది, చూడండి. ఇద్దరూ క్షేమంగా చేరారా?" అని గడగడా అనేసింది. ఈయన "ఎవరూ?" అనగానే పెట్టేసింది.

దాచేపల్లిలో అత్తగారికి తోడుగా ఉందనుకున్న భార్యకు వాడరేవులో గదేమిటి? గది సరే, ఆ ఇద్దరేమిటి?

ఆ రెండో మనిషి ఎవరో మనకు తెలుసు, అల్లాబక్షుకే తెలియదు. గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చిన ప్రతిసారీ ఆయన ఓ బస్సు మాట్లాడి, చుట్టపక్కాలందరినీ ఎక్కించి టూరు తీసుకెళ్తాడు. దాచేపల్లిలో సున్నపురాయి లారీలు నడిపే అన్న మీరావలి కుటుంబం కూడా ఆ బస్సే ఎక్కుతుంది. ఎక్కనిది ఒక్క తల్లి షాజాదీ. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు తోడుగా కోడలు ఖుర్షిదా దాచేపల్లిలో ఉండిపోతుంది, "కోడలంటే ఇట్లా ఉండాలి" అని బస్సులో ఉన్నవాళ్లంతా మెచ్చుకుంటారు. బస్సు కదిలిన మర్నాడు ఆ అత్తాకోడళ్లిద్దరూ దాచేపల్లిలో బాడుగకు తిప్పే జక్రయ్య కారెక్కి సముద్రం ఒడ్డుకు చేరుకుంటారని, సుబ్బరావమ్మ ఇంట్లో గది తీసుకుని నాలుగు రోజులు హాయిగా ఉండి వస్తారని మెచ్చుకున్నవాళ్లెవరికీ తెలియదు. ఐదారేళ్లుగా ఈ భాగోతం నడుస్తోంది.

ఈసారి ఘాట్ రోడ్డులో బస్సు చెడిపోయి టూరు సగంలో తిరిగొచ్చింది. ఆ కబురు తెలిసిన కంగారులో జక్రయ్య, గుంటూరు దారిలోనే ఉంది కదా అని ఖుర్షిదాను ముందు ఇంటి దగ్గర దింపేసి, అత్తగారిని దాచేపల్లి తీసుకెళ్లాడు. అదే కొంప ముంచింది.

ఎలాగంటారా? ఇదుగో, అల్లాబక్షు నోటే వినండి.

"ఇవి నీ చెప్పులేనా?" అన్నాడు. ఖుర్షిదా బట్టల బుట్టతో లోపలికి వచ్చేసరికి ఆయన వసారాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో చెప్పునూ తిరగేసి నేలకేసి కొడుతున్నాడు. బొరుగుల్లాంటి తెల్ల గవ్వముక్కలు, సన్నటి ఇసుక నల్లబండల మీద రాలాయి.

ఖుర్షిదా బుట్ట కింద పెట్టింది.

"దాచేపల్లిలో అడుగుపెడితే చెప్పులు సున్నం కొట్టినట్టు అవుతాయి. ఏటా చూస్తున్నా, నువ్వొచ్చాక ఆ తెల్లదుమ్ము వారం దాకా వదలదు. ఈసారి చెప్పుల మీద దుమ్మే లేదు. ఇసుకుంది. దాచేపల్లిలో సముద్రం ఎప్పుడు పుట్టిందే?"

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"సుబ్బరావమ్మ ఎవరు?"

"గదులు అద్దెకిచ్చే ఆవిడ."

"అయితే వెళ్లావన్నమాట."

"వెళ్లాను."

అబద్ధం ఆడుతుందనుకున్నాడో ఏమో, ఆ "వెళ్లాను" విని అల్లాబక్షు వెనక్కి జరిగి గోడకానుకున్నాడు. కమీషన్ కొట్టులో పాతికేళ్లు నిలబడ్డ మనిషి. మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి చూస్తే లోపల తేమ ఎంతుందో చెప్పేస్తాడు. పక్కన పడుకునే మనిషి సంగతి తెలుసుకోలేకపోయానని ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"రెండో మనిషి ఎవరు?"

ఖుర్షిదా చెప్పులు జత చేసి పక్కన పెట్టింది.

ఒక్క మాట చాలు. "మీ అమ్మే" అంటే అయిపోతుంది. కానీ ఆ మాట మీద తాళం ఉంది. మొదటి ఏడాది వాడరేవులో సాయంత్రం పూట అత్తగారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, అల వెళ్లి అల వచ్చేలోగా ఖుర్షిదా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "నేనిక్కడికి వచ్చినట్టు నీ నోటి నుంచి పోదని ఒట్టెయ్యవే" అంది. "పెద్దోడికి తెలిస్తే నన్ను మళ్లీ గడప దాటనివ్వడు. నాకింకెన్ని ఎండాకాలాలు మిగిలాయే?" ఖుర్షిదా నవ్వుతూ ఒట్టేసింది. ఆ ఒట్టు ఇవాళ ఇట్లా మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు?

"చెప్పలేను," అంది.

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పలేను."

అల్లాబక్షు లేచి అన్నకు ఫోను చేశాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు మధ్యాహ్నం, ఎండకు వీధిలో కుక్క కూడా తిరగని వేళ, గుమ్మం ముందు కారాగింది. జక్రయ్య కారు! మీరావలికి దొరికింది కూడా ఆ కారేనా అని ఖుర్షిదాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జక్రయ్య కిందికి దిగి ఆమె వంక ఒక్కసారి చూసి, గబుక్కున గుడ్డ తీసుకుని తుడిచిన అద్దమే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

మీరావలి భుజం మీద బరువంతా వేసి షాజాదీ దిగింది.

"కర్రేదమ్మా?" అన్నాడు అల్లాబక్షు, ఎదురెళ్లి రెండో చెయ్యి పట్టుకుంటూ.

"ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. ఇల్లంతా వెతికాం, కనబళ్లేదు," అన్నాడు మీరావలి విసుగ్గా. "సరే, అది కాదుగానీ పద లోపలికి. అమ్మను సాక్షానికి తీసుకొచ్చా. మీ ఆవిడ, మన అమ్మ దగ్గరే ఉన్నానని ఇన్నేళ్లూ చెప్పింది కదా. అమ్మ ముందే తేలాలి."

షాజాదీని వసారాలో నవారు మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె కొంగు నెత్తిమీదకు లాక్కుని, తస్బీ చేతిలోకి తీసుకుని, పూసలు తిప్పుతూ తల వంచుకుంది. కోడలి వైపు చూడలేదు. ఖుర్షిదా మాత్రం ఆమెనే చూస్తోంది. అత్తమ్మా, ఒక్క మాట. మీరు చెబితే ఒట్టు తప్పినట్టు కాదు కదా అని కళ్లతోనే అడిగింది. పూసలు గబగబా తిరిగాయి తప్ప పెదవి విడివడలేదు.

షాజాదీ భయం ఊరికే పుట్టింది కాదు. భర్త పోయినప్పటి నుంచి ఆమె గడప దాటలేదని దాచేపల్లిలో చెప్పుకుంటారు. పిల్లలకు జ్వరమొస్తే తెచ్చి ఆమె చేత దువా ఊదించుకుపోతారు. మీరావలి కూడా పదిమందిలో కూర్చున్నప్పుడల్లా "మా అమ్మకు నమాజు, ఇల్లు తప్ప మూడోది తెలియదు" అని మీసం దువ్వుకుంటాడు. ఆ పేరు ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. ఊరు కట్టిపెట్టింది, కొడుకు కాపలా కాస్తున్నాడు.

మీరావలి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మాయ్, నేను గొంతు పెంచను. ఆడపిల్లవి, ఇంటి పరువువి. ఏం పని మీద వెళ్లావు అక్కడికి?"

"పనేం లేదు బావగారూ. సెలవుకి వెళ్లాను."

"సెలవా? ఎవరిచ్చారు నీకు సెలవు?"

"ఎవరూ ఇవ్వలేదు. అందుకే చెప్పకుండా వెళ్లాను."

"అక్కడ ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు."

"నాలుగు రోజులు ఏమీ చెయ్యకుండా ఎవరైనా ఉంటారా?" అల్లాబక్షు అరిచాడు. "అన్నా, నువ్వు చెప్పు, ఉంటారా? అంత దూరం పోయి, గది తీసుకుని, ఊరికే కూర్చున్నానంటే ఎవడు నమ్ముతాడు? ఏ దర్గా చూశావు? ఏ జలపాతం, ఏ తోట, ఏ కోట చూశావు? ఒక్క ఫొటో ఉందా?"

నిజానికి ఆయన బాధ ఆయనది. టూరంటే అల్లాబక్షుకు ప్రాణం. యార్డులో కారం ఘాటుకు ఏడాదంతా తుమ్మి తుమ్మి, వేలంపాటల గోలలో గొంతు చించుకుని, సెలవులు రాగానే కొత్త లాల్చీ వేసుకుని బస్సు ముందు సీట్లో కూర్చుంటే ఆయన సుల్తానే. తెల్లారి ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు, దీపాలవేళకు మరొకటి. ఎంత ఎక్కువ తిరిగితే అంత టూరు. బస్సు నిండా మనుషులుండాలి, వెనక గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ ఉండాలి. పిల్లలు వాంతులు చేసుకోవాలి, ముసలాళ్లు తప్పిపోయి మైకులో పిలిపించుకోవాలి. ఇవన్నీ లేకపోతే అది ప్రయాణమెలా అవుతుందని ఆయన నిఖార్సుగా నమ్ముతాడు. మీరావలి లెక్క వేరే. దర్గాల వరకే దిగుతాడు. తోటలూ జలపాతాలూ వస్తే బస్సులోనే కళ్లు మూసుకుని, "డబ్బులు పోసి నీళ్లు చూడ్డమేంట్రా" అంటాడు.

ఖుర్షిదాకు ఊటీ అంటే గుర్తొచ్చేది ఉల్లిపొట్టు. తనూ టూరెక్కిన ఆ ఏడాది, అందరూ పూలతోట చూడ్డానికి వెళ్తే తను బస్సు వెనక, చలిగాలికి ఆరిపోతున్న పొయ్యికి పరదా అడ్డం కట్టి, అంతమందికీ ఉల్లిపాయలు తరిగింది. వాళ్లు తిరిగొచ్చి తిని, చేతులు కడుక్కుని, "భలే చల్లగా ఉంది కదా వదినా" అన్నారు. అంట్లు తోముతుంటే ఆ చల్లదనం ఆమె వేళ్లకు తెలిసింది.

"ఫొటో లేదు," అంది ఖుర్షిదా. "పొద్దున్నే లేచి ఎవరికీ టీ పెట్టలేదు. ఎవరో చేసిన ఇడ్లీ ఎవరో తెచ్చిపెడితే తిన్నాను. గుమ్మంలో కూర్చుని సముద్రం చూశాను. మధ్యాహ్నం నిద్రపోయాను. లేచి మళ్లీ చూశాను. అంతే. మీ యార్డుకు సెలవులిస్తారు, కాటాలకు సెలవు, కూలీలకు సెలవు. నా పొయ్యికి ఎవరిస్తారు? మీ టూర్లో కూడా అది నా వెనకే బస్సెక్కి వచ్చేదిగా."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాను. మొదటి టూరుకే చెప్పాను. 'ఊటీ వద్దనే ఆడది ఉంటుందా' అని బస్సులో అందరికీ వినిపించేటట్టు నవ్వారు."

అల్లాబక్షుకు ఆ నవ్వు గుర్తొచ్చినట్టే ఉంది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. అక్కడితో సంగతి చల్లబడేదేమో, మీరావలి చల్లబడనిస్తేనా?

"ఇడ్లీలూ ఇసుకా తర్వాత," అన్నాడు. "ఇద్దరన్నది ఆ గదులావిడ. రెండో మనిషెవరు?"

ఖుర్షిదా మళ్లీ మంచం వైపు చూసింది. పూసలు ఆగాయి. ఆగి, మళ్లీ తిరిగాయి.

"చెప్పవు. సరే." మీరావలి లేచాడు. అల్లా మీద తప్ప మరి దేని మీదా ఒట్లు పనికిరావని శుక్రవారం మసీదులో తలూపి వచ్చే మనిషే, ఇంట్లో ఇరకాటం వస్తే మాత్రం మన ఊళ్ల అలవాటే ఆయనకూ తోస్తుంది. "ఇదుగో, అమ్మ ఉంది. తల మీద చెయ్యి పెట్టు. 'నాతో పరాయి మనిషెవరూ లేరు, నేను దాచేపల్లిలోనే ఉన్నా'నని ఒట్టెయ్యి. ఆ ఫోనేదో పొరపాటున వచ్చిందని ఇప్పుడే మర్చిపోతా. నీ మొగుడూ మర్చిపోతాడు. ఏరా?"

అల్లాబక్షు తలూపాడు. ఆయన కళ్లల్లో ఆశ కనిపించింది. అబద్ధమైనా సరే, ఒట్టేసి ఈ గండం గట్టెక్కించు అన్నట్టున్నాయి ఆ కళ్లు.

ఖుర్షిదా మంచం దగ్గరకు నడిచింది. అత్తగారి నెత్తిమీద తెల్లని కొంగు, దాని కింద పలచబడిన జుట్టు. వాడరేవులో ఈ జుట్టుకు కొబ్బరినూనె రాసి జడ వేసింది తనే. అప్పుడు ఇదే తల మీద ఒక ఒట్టేసింది, నిజం చెప్పనని. ఇప్పుడు ఇదే తల మీద ఇంకొకటి, అబద్ధం చెప్పమని. మొదటిది తప్పినా ఈ తలకే ముప్పు, రెండోది వేసినా ఈ తలకే ముప్పు. ఒట్లు నిజమా కాదా అన్న చదువు ఆమెకు లేదు. అత్తగారికి ఒక్క జ్వరమొచ్చినా, నా వల్లేనని తను జీవితమంతా కుమిలిపోతుందని మాత్రం తెలుసు.

చెయ్యి ఎత్తింది. కొంగుకు బెత్తెడు ఎత్తులో వేళ్లు ఆగిపోయాయి. కింద షాజాదీ కళ్లు గట్టిగా మూసుకుంది. మీరు నోరు తెరవండి అత్తమ్మా, నన్నిట్లా కాల్చకండి అనుకుంది ఖుర్షిదా. ఎంతసేపు అనుకుందో. అత్తగారు కళ్లు తెరవలేదు.

ఖుర్షిదా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెయ్యలేను."

అల్లాబక్షు మొహంలో నెత్తురు లేదు. లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు దఢాలున మోగింది. ఖుర్షిదా వాడరేవు నుంచి తెచ్చుకుని ఇంకా విప్పని సంచినే తెచ్చి, గడప పక్కన పడేశాడు.

"మీ పుట్టింట్లో, మీ అన్నయ్య దగ్గర ఉండు. నేను పిలిచేదాకా రావద్దు," అన్నాడు. భార్య మీద చెయ్యెత్తిన మనిషి కాదు, గట్టిగా తిట్టిన మనిషీ కాదు. ఆమె వండనిది ఆయనకు సయించదు కూడా. అంతటివాడు ఆ మాట అనేసరికి ఖుర్షిదా గడప పక్కన పడ్డ సంచి వంక చూసింది. కళ్లల్లోంచి నీళ్లు వాటంతట అవే కారాయి. ఏడుపు మొగుడి మాటకు కాదు. మంచం మీద పూసలు ఇంకా తిరుగుతున్నందుకు.

"ఆగరా," అన్నాడు మీరావలి. "పంపేముందు ఆ గదులావిడకు మళ్లీ ఫోను కొట్టు. స్పీకరు పెట్టు. వాడి పేరేంటో వినే పంపిద్దాం."

అల్లాబక్షు నిన్నటి నుంచి చేస్తూనే ఉన్నాడు, ఆమె తీస్తేనా. ఈసారి రెండో రింగుకే తీసింది.

"నేను ఖుర్షిదా భర్తను. మా ఆవిడతో వచ్చిన రెండో మనిషి ఎవరో చెప్పండి."

"చెప్పనండి," అంది సుబ్బరావమ్మ. వెనక సముద్రం హోరు వినబడుతోంది. "నిన్న నోరు జారాను, రాత్రంతా నిద్ర లేదు. నా ఇంటికి ఆడవాళ్లే వస్తారు. ఒకళ్ల సంగతి నేను బయట చెప్పాననుకోండి, ఇంకెవరైనా వస్తారా? మీ ఆవిడ మీ ఎదురుగానే ఉండి ఉంటుంది, ఆవిడనే అడగండి."

"ఆవిడ చెప్పట్లేదు."

"అయితే నేనెందుకు చెబుతా? పెట్టేస్తున్నా. ఆఁ, ఒక్కమాట." ఆమె గొంతు మారింది. "అడిగినదానికి కాదు గానీ, మనసు ఊరుకోక చెబుతున్నా. తాళంచెవి ఉంటే ఉండనివ్వండి, నా దగ్గర ఇంకోటుంది. ఆ పెద్దామె చేతికర్ర మాత్రం ఇక్కడే మంచం కింద ఉండిపోయింది. నల్లకర్ర, పిడి మీద తెల్ల పువ్వు. ఇక్కడున్నన్నాళ్లూ ఆమెకు దాంతో పనే పడలా. అక్కడ గచ్చునేల మీద కర్ర లేకుండా పడిపోతే ఎట్లాగండీ? జక్రయ్యను పంపండి, ఇచ్చి పంపుతా."

ఫోను ఆగిపోయింది.

నల్లకర్ర, పిడి మీద తెల్ల పువ్వు. మైసూరు టూరులో బస్సు దిగి, ఇంకెవరికీ ఏమీ కొనకుండా, అమ్మ కోసం అల్లాబక్షు బేరమాడి కొన్న కర్ర అది. ఆయన తల తిప్పాడు. మీరావలి తల తిప్పాడు. నవారు మంచం మీద తల్లి ఖాళీ చెయ్యి ఒళ్లో పడి ఉంది.

"అమ్మా?" అన్నాడు అల్లాబక్షు.

షాజాదీ తస్బీ మంచం మీద పెట్టింది. "నేనేరా," అంది. "కోడలితో ఉన్న పరాయి మనిషిని నేనే. ఈ ఏడే కాదు, ఐదారేళ్లుగా. నా నెత్తిన చెయ్యి పెట్టించుకుని దాని నోరు నేనే కట్టేశా. ఇందాక విప్పాల్సింది, నాకు ధైర్యం చాల్లేదు."

"నువ్వు... సముద్రంలో?" మీరావలి కుర్చీలో కూలబడ్డాడు. "ఊళ్లో అందరూ నిన్ను..."

"ఊరికి నేను గడపలో ఉంటే బాగుంటుందిరా పెద్దోడా. నాకు బాగుందా అని ఎవరూ అడగలా. నాకు కొండలొద్దు, కోటలొద్దు. కాళ్ల మీదకు నీళ్లొచ్చి పోతుంటే చాలు. మీ నాన్న ఉన్నప్పుడు అడిగితే 'వచ్చే ఏడు' అనేవాడు. ఆయనకు వచ్చే ఏడు రాలేదు."

"ప్రతి దర్గాలో నీ మోకాళ్ల కోసం చాదర్ కప్పానమ్మా," అన్నాడు అల్లాబక్షు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "దిగిన ప్రతిచోటా."

"ఊరికే పోలేదులేరా అవి. ఆ నీళ్లలో నిలబడితే నొప్పే తెలియదు."

అల్లాబక్షు ఏడ్చాడో నవ్వాడో, మొహం తుడుచుకున్నాడు. గుండెల మీద నుంచి బండరాయి దొర్లిపోయినట్టుంది ఆయనకు. గబగబా గడప దగ్గరకు వెళ్లి, తను పడేసిన సంచిని తనే ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"సరేలే ఖుర్షిదా, అయ్యిందేదో అయ్యింది. అపార్థం. పద లోపలికి. మా అన్నయ్య ఎండన పడి వచ్చాడు, అందరికీ కాస్త టీ పెట్టు."

పాపం, మంచి మనసుతోనే అన్నాడు. ఆయనకు తెలిసిన క్షమాపణ అదే.

ఖుర్షిదా కన్నీళ్లు తుడుచుకుంది. దగ్గరకు వచ్చి, ఆయన భుజం మీద నుంచి సంచి తీసుకుంది. సంచి పక్క అరలో చేతికి ఏదో గట్టిగా తగిలింది, వాడరేవు గది తాళంచెవి.

"పాలు ఫ్రిజ్జులో ఉన్నాయి. టీపొడి పైఅరలో," అంది. "ఇన్నాళ్లూ దొంగతనంగా వెళ్లాను. ఇవాళ చెప్పి వెళ్తున్నాను. మీరు పిలిచేదాకా కాదు, నాకు రావాలనిపించేదాకా."

"ఖుర్షిదా!"

ఆమె గడప దాటింది. ఎండ మొహాన కొట్టింది. జక్రయ్య గుడ్డ జేబులో కుక్కి, కారు తలుపు తీశాడు. అత్తగారిని రమ్మని ఖుర్షిదా పిలవలేదు. పిలిచే మనసు రాలేదు. తను కాలిపోతుంటే కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి ఆమె.

"పిల్లా, ఆగవే!"

వెనక్కి తిరిగింది. షాజాదీ మంచం దిగింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం దాకా వచ్చింది. "ఒట్టు నేను వేయించుకున్నా, దెబ్బ నువ్వు తిన్నావు. ఆ మాట దారిలో చెబుతా. నన్నూ ఎక్కించుకో."

"అమ్మా!" మీరావలి కుర్చీ వెనక్కి పడిపోయింది. "ఇప్పుడు పదిమంది చూస్తుండగా ఆ కారెక్కావంటే, దాచేపల్లి ఇంటికి మళ్లీ రానక్కర్లేదు. చెబుతున్నా."

వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. షాజాదీ గడప మీద ఆగిపోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పట్టుకోవడానికి గోడ అక్కడితో అయిపోయింది, కర్ర వాడరేవులో ఉంది. ఎవరివైపు అని లేకుండా చెయ్యి చాచింది.

ఖుర్షిదా చేతిలో సంచి జారింది. ఆమె ఒక అడుగు వేసేలోగానే అల్లాబక్షు వెళ్లి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. అన్న వైపు చూశాడు, ఎండలో నిలబడ్డ భార్య వైపు చూశాడు.

షాజాదీ తల ఎత్తి చిన్నకొడుకు మొహంలోకి చూసింది.

"ఎటురా?" అంది.